మలేషియా భారతీయుల హక్కుల ఉద్యమం: గుడి వివాదాల వెనుక ఉన్న పట్టాలు, పత్రాలు

క్లుప్తంగా

మలేషియా జనాభాలో సుమారు 6.7 శాతం ఉన్న భారత సంతతివారి ఆందోళన గుడి కూల్చివేతగానో, మతమార్పిడి కేసుగానో వార్తల్లోకి వస్తుంది. దాని మూలం మాత్రం చాలావరకు రబ్బరు ఎస్టేట్ల కాలం నుంచి వారసత్వంగా వచ్చిన పత్రాల లేమిలో ఉంది. ఉన్న ఇంటికీ గుడికీ పట్టా లేదు, పెళ్లికీ పుట్టుకకూ నమోదు లేదు. 2007లో హిందూ సంఘాల కూటమి అయిన హిండ్రాఫ్ ఈ అసంతృప్తిని వీధుల్లోకి తెచ్చి, మరుసటి ఏడాది ఎన్నికల లెక్కలను మార్చింది. ఆ తరువాతి ప్రభుత్వాలు పదవులు, నిధులు ఇచ్చినంత సులువుగా నిబంధనలను మార్చలేదు.

2025 మార్చిలో కౌలాలంపూర్ నడిబొడ్డున, జాలాన్ మస్జిద్ ఇండియా ప్రాంతంలో ఉన్న దేవీ శ్రీ పత్రకాళియమ్మన్ ఆలయం దేశమంతటా చర్చకు వచ్చింది. వందేళ్లకు పైగా పూజలందుకుంటున్న ఆ ఆలయం కింద ఉన్న స్థలాన్ని నగరపాలక సంస్థ 2014లోనే ఒక వస్త్ర వ్యాపార సంస్థకు అమ్మింది, ఆ సంస్థ అక్కడ మసీదు కట్టాలని సంకల్పించింది. చివరికి ఆలయాన్ని దగ్గరలోనే మరో స్థలానికి తరలించేందుకు అంగీకారం కుదిరింది, మసీదుకు ప్రధానమంత్రి అన్వర్ ఇబ్రహీం శంకుస్థాపన చేశారు.

దూరం నుంచి చదివేవారికి ఇది రెండు మతాల తగాదాగా కనిపించడం సహజం. అక్కడి చర్చలో మాత్రం పదే పదే ముందుకు వచ్చిన ప్రశ్న వేరు: ఆలయం ఎంత పాతదైనా, భూమి ఎవరి పేరున రిజిస్టరై ఉంది? ఈ ప్రశ్న దగ్గర మలేషియా భారతీయులు ఎందుకు తరచూ ఓడిపోతున్నారో తెలియాలంటే వారు ఆ దేశానికి వెళ్లిన తీరు నుంచి మొదలుపెట్టాలి.

ఎస్టేట్ అనే మూసిన లోకం

పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ మలయాలో చెరకు, కాఫీ తోటలకు దక్షిణ భారతం నుంచి ఒప్పంద కూలీలను తీసుకువెళ్లారు. ఒప్పంద పద్ధతి 1910లో ముగిసేనాటికే రబ్బరు విజృంభించింది, దానితోపాటు కంగాణీ పద్ధతి బలపడింది. కంగాణీ అంటే తోటలో పనిచేసే ముఠా మేస్త్రి. యాజమాన్యం అతన్నే సొంత ఊరికి పంపించి, బంధువులను, ఇరుగుపొరుగును, కులస్థులను కూడగట్టి తెమ్మనేది. 1907లో ఏర్పాటైన ఇమ్మిగ్రేషన్ నిధికి తోటల యజమానులందరూ చందా కట్టేవారు, కూలీల ప్రయాణ ఖర్చు దాని నుంచి వచ్చేది. 1938లో భారత ప్రభుత్వం ఇలాంటి సహాయక వలసను నిషేధించేవరకు ఈ ఏర్పాటు సాగింది. వెళ్లినవారిలో అత్యధికులు తమిళులు. మలయాళీలతోపాటు విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువారు కూడా గణనీయంగానే ఉన్నారు.

ఎస్టేట్‌లో ఇల్లు యాజమాన్యానిదే. నీళ్లు, వైద్యం, పసిపిల్లల సంరక్షణ, కల్లు దుకాణం, బడి అన్నీ ఎస్టేట్ సరిహద్దుల లోపలే ఉండేవి. నిర్దిష్ట సంఖ్యలో పిల్లలుంటే బడి నడపాలని కార్మిక చట్టం చెప్పడంతో తోటల యజమానులు బడులు పెట్టారు. గుడి విషయంలో చట్టం ఏమీ చెప్పకపోయినా, కూలీలు నిలకడగా ఉంటారన్న లెక్కతో స్థలం చూపించారు, కొన్నిచోట్ల చందాలూ ఇచ్చారు. ఈ అనుమతులన్నీ దాదాపు నోటిమాట మీద నడిచినవే. మేనేజరు సరేనంటే చాలు, భూమి రికార్డులో గీత మారవలసిన అవసరం ఎవరికీ తోచలేదు.

దీని పర్యవసానం రెండు మూడు తరాల తరువాత గాని బయటపడలేదు. ఎస్టేట్ మనిషికి రాజ్యంతో నేరుగా పని పడేది కాదు. పుట్టుక నమోదు కావాలన్నా, ఏదైనా దరఖాస్తు నింపాలన్నా ఎస్టేట్ గుమాస్తా మీదే ఆధారపడాలి. పల్లెటూరి మలయ్ రైతుకు గ్రామ పెద్ద, జిల్లా భూమి కార్యాలయం ఉన్నాయి. పట్టణపు చైనీయుడికి వ్యాపార సంఘం, వంశ సంఘం ఉన్నాయి. తోట కూలీకి ఉన్నదల్లా మేనేజరు.

1957: హక్కు ఉంది, దరఖాస్తు లేదు

1957 ఆగస్టు 31న మలయా స్వతంత్రమైంది. ఆ రోజు నుంచి దేశంలో పుట్టినవారికి పుట్టుకతోనే పౌరసత్వం వచ్చింది, అయిదేళ్ల తరువాత 1962లో దానికి తల్లిదండ్రుల హోదాకు సంబంధించిన షరతులు చేరాయి. అంతకు ముందు పుట్టినవారిలో చాలామంది నివాస కాలాన్ని రుజువు చేసుకుని, దరఖాస్తు పెట్టి నమోదు చేయించుకోవలసి వచ్చింది. మలయ్ భాష పరీక్ష నుంచి ఏడాదిపాటు మినహాయింపు కూడా ఇచ్చారు. చట్టం దృష్టిలో ఇది ఉదారమైన ఏర్పాటే. చదువు లేని, ఎస్టేట్ గేటు దాటి ప్రభుత్వ కార్యాలయం చూడని కుటుంబాలకు మాత్రం ఆ గడువు తెలియకుండానే గడిచిపోయింది.

దాని ఫలితం 1969లో కనిపించింది. పౌరులు కానివారికి ఉద్యోగం చేయాలంటే వర్క్ పర్మిట్ తప్పనిసరి చేయడంతో, నీలం రంగు పౌర గుర్తింపు కార్డు లేని తోట కూలీలు అక్కడే పుట్టి పెరిగినా విదేశీయుల కోవలోకి చేరారు. సుమారు 60 వేలమంది భారతీయులు దేశం విడిచి వెళ్లారని అంచనా. మిగిలినవారిలో కొందరు ఎర్ర కార్డుతో శాశ్వత నివాసులుగా, మరికొందరు ఏ కార్డూ లేకుండా ఉండిపోయారు.

ఇక్కడ శ్రీలంకతో పోలిక ఉపయోగపడుతుంది. అక్కడ తేయాకు తోటల్లోని భారత సంతతి తమిళులను 1948 పౌరసత్వ చట్టమే పౌరులు కాకుండా చేసింది, 1964లో శాస్త్రి, సిరిమావో ఒప్పందం వారిని రెండు దేశాల మధ్య పంచుకునే సంఖ్యగా మార్చింది, మిగిలినవారి హోదా తేలడానికి 2003 దాకా పట్టింది. అన్యాయం చట్టంలోనే స్పష్టంగా రాసి ఉన్నందువల్ల దాన్ని మార్చమని అడగడం కూడా స్పష్టంగానే సాధ్యమైంది. మలేషియాలో చట్టం తలుపు మూయలేదు. అందుకే అక్కడి లోటు ఎన్నడూ ఒక జాతీయ వివాదంగా రూపుదిద్దుకోకుండా, వేలాది విడివిడి ఫైళ్లుగా మిగిలిపోయింది. హక్కుల ఉద్యమానికి ఇది శ్రీలంక కంటే తేలికైన పరిస్థితి అనుకోవడం పొరపాటు.

సగటు లెక్కలో దాగిన పేదరికం

మలయ్‌లకూ చైనీయులకూ మధ్య 1969 మే 13న చెలరేగిన అల్లర్ల తరువాత, 1971లో నూతన ఆర్థిక విధానం వచ్చింది. కార్పొరేట్ వాటాల్లో 1990 నాటికి భూమిపుత్రులకు, అంటే మలయ్‌లకూ ఇతర మూలవాసులకూ 30 శాతం, ఇతర మలేషియన్లకు 40 శాతం, విదేశీయులకు 30 శాతం ఉండాలన్నది దాని ప్రధాన లక్ష్యం. అప్పటి ద్వీపకల్ప మలేషియా పేదరిక గణాంకాలు చూస్తే ఆ విధానానికి కారణం అర్థమవుతుంది. 1970లో మలయ్ కుటుంబాల్లో దాదాపు 65 శాతం, భారతీయ కుటుంబాల్లో 39 శాతం, చైనీయ కుటుంబాల్లో 26 శాతం పేదరికంలో ఉన్నాయి.

చిక్కు ఆ నడిమి సంఖ్యలో ఉంది. వైద్యులు, న్యాయవాదుల్లో భారతీయులు జనాభా నిష్పత్తికి మించి ఉండేవారు. వారిని, రబ్బరు పాలు తీసే కూలీలను కలిపి సగటు తీస్తే వచ్చేది ఏ భారతీయ కుటుంబానికీ సరిపోలని అంకె. పైగా లక్ష్యాలను భూమిపుత్రులు, ఇతరులు అని రెండుగా విభజించడంతో తోట కూలీ 'ఇతరుల' గడిలోకి చేరాడు. ఆ గడిలో అతనితో పోటీ పడేది చైనీయ వ్యాపారి. కార్పొరేట్ వాటాల్లో భారతీయుల భాగం 1970లో ఒక శాతం దగ్గర ఉండగా, 2004లోనూ దాదాపు అక్కడే, 1.2 శాతంగా ఉంది.

గ్రామీణాభివృద్ధి పథకాలు కూడా ఎస్టేట్లను తాకలేదు. రోడ్డు, విద్యుత్తు, తాగునీరు, గృహ నిర్మాణం ప్రభుత్వ గ్రామాలకు వచ్చాయి. ఎస్టేట్ ప్రైవేటు ఆస్తి కాబట్టి అది యాజమాన్యం బాధ్యత అన్నారు. భూమిలేని పేదలకు తోట భూములు పంచిన ఫెల్డా పథకంలో లబ్ధిదారులు అత్యధికంగా మలయ్‌లే. తమిళ బడుల పరిస్థితి కూడా ఇదే తర్కాన్ని అనుసరించింది. ప్రభుత్వ భూమిలో ఉన్న బడికి పూర్తి సహాయం, ప్రైవేటు ఎస్టేట్ భూమిలో ఉన్నదానికి పాక్షిక సహాయం. 1957లో 888గా ఉన్న తమిళ బడుల సంఖ్య నేడు 530 లోపే ఉండడానికి ఇతర కారణాలూ ఉన్నా, సొంత నేల లేకపోవడం వాటిలో ముఖ్యమైనది.

ఈ ఏర్పాటును ప్రశ్నించడానికి రాజ్యాంగంలో ఆధారం లేకపోలేదు. మలయ్‌ల ప్రత్యేక స్థానాన్ని కాపాడాలని చెప్పే 153వ అధికరణే ఇతర సమాజాల న్యాయమైన ప్రయోజనాలను కూడా కాపాడాలని చెబుతుంది. అయితే 1970 దశకం మొదట్లో వచ్చిన సవరణలు ఆ అధికరణను, పౌరసత్వాన్ని, జాతీయ భాషను బహిరంగంగా ప్రశ్నించడాన్ని దేశద్రోహ చట్టం పరిధిలోకి తెచ్చాయి. రాజ్యాంగ పరిభాషలో సూటిగా మాట్లాడే మార్గం ఆ విధంగా ఇరుకైపోయింది. తరువాతి దశాబ్దాల్లో అసంతృప్తి మత భాషలో బయటికి రావడానికి ఇది కూడా ఒక కారణం.

తోట పోయింది, గుడి మిగిలింది

1980ల నుంచి ఎస్టేట్ల స్వరూపమే మారింది. 1981 సెప్టెంబరులో మలేషియా ప్రభుత్వ పెట్టుబడి సంస్థ లండన్ స్టాక్ ఎక్స్ఛేంజీలో ఒక్క ఉదయంలో వాటాలు కొని గత్రీ అనే బ్రిటిష్ తోటల కంపెనీని చేజిక్కించుకుంది. ఇతర పెద్ద బ్రిటిష్ తోట కంపెనీలు కూడా దేశీయ చేతుల్లోకి వచ్చాయి. జాతీయ దృష్టితో చూస్తే ఇది వలస పెట్టుబడిపై విజయం; కార్మికుల దృష్టితో చూస్తే యజమాని మారడమే. రబ్బరు స్థానంలో తక్కువ మంది కూలీలతో నడిచే పామాయిల్ వచ్చింది, ఆ పనికి ఇండొనేషియా, బంగ్లాదేశ్ కూలీలను తెచ్చారు. పట్టణాలకు దగ్గరగా ఉన్న తోటలు కాలనీలుగా, గోల్ఫ్ కోర్సులుగా, రహదారులుగా మారాయి.

ఇల్లు ఉద్యోగంతో ముడిపడి ఉన్నందువల్ల పని పోయిన రోజే ఇల్లూ పోయింది. పరిపాలనా రాజధాని పుత్రజాయ వెలసిన నేలలో ప్రాంగ్ బెసార్ వంటి రబ్బరు ఎస్టేట్లు ఉండేవి. అక్కడి కుటుంబాలను డెంగ్కిల్‌లోని చవక ఫ్లాట్లకు తరలించారు. కొద్ది ఏళ్లకే గోడలు బీటలువారిన ఆ ఫ్లాట్లకు బదులు ఇస్తామన్న ఇళ్ల కోసం వారు దశాబ్దాలు ఎదురుచూడవలసి వచ్చింది. ఇంకా చాలామంది కౌలాలంపూర్, క్లాంగ్ లోయ అంచుల్లో గుడిసెలు వేసుకున్నారు. 2001 మార్చిలో అలాంటి పేద ప్రాంతమైన కంపుంగ్ మేడాన్‌లో జరిగిన హింసలో ఆరుగురు మరణించారు, బాధితుల్లో ఎక్కువమంది భారతీయులు.

కూలీలు వెళ్లిపోయినా గుడి అక్కడే ఉండిపోయింది. కొత్త యజమాని దృష్టిలో అది ఆక్రమణ. ఇక్కడ మలేషియా భూచట్టం నిర్ణాయకమైనది. భారతదేశంలో ప్రైవేటు భూమిపై 12 ఏళ్లు, ప్రభుత్వ భూమిపై 30 ఏళ్లు నిరాటంకంగా, బహిరంగంగా స్వాధీనంలో ఉంటే కొన్ని షరతులతో హక్కు కోరే వీలుంది. మలేషియాలో 1965 జాతీయ భూమి కోడ్ ఆ వీలు ఇవ్వదు. ఎన్నేళ్లు అనుభవించినా రిజిస్టరైన హక్కుదారుదే తుది మాట. కాబట్టి 'ఈ గుడి దేశ స్వాతంత్ర్యం కంటే పాతది' అనే వాదన నైతికంగా బలమైనదే అయినా, భూమి కార్యాలయంలో దానికి విలువ లేదు. మసీదులకు రాష్ట్ర మత మండళ్ల ద్వారా స్థలం కేటాయించే యంత్రాంగం ఉంది. హిందూ ఆలయాలకు అటువంటి స్థిరమైన యంత్రాంగం లేకపోవడంతో ఒక్కో ఆలయం విడిగా బేరమాడుకోవలసి వస్తోంది.

సుబాంగ్ జయలోని సీఫీల్డ్ మహా మారియమ్మన్ ఆలయం ఈ క్రమమంతటికీ ఉదాహరణ. ఎస్టేట్ గుడిగా మొదలై, భూమి చేతులు మారి, ఒక నిర్మాణ సంస్థ దగ్గర ఆగింది. తరలింపుకు 2014లో కోర్టు ద్వారా అంగీకారం కుదిరినా ఆలయ నిర్వాహకుల్లోని వర్గ విభేదాల వల్ల అమలు కాలేదు. 2018 నవంబరు చివరలో అక్కడ చెలరేగిన హింసలో గాయపడిన ఒక అగ్నిమాపక సిబ్బంది తరువాతి నెల మరణించారు.

ఒకే పార్టీ చేతిలో గొంతు

మలేషియన్ ఇండియన్ కాంగ్రెస్ 1946లో ఏర్పడి, 1950ల నుంచి దశాబ్దాలపాటు పాలక కూటమిలో భారతీయుల ప్రతినిధిగా ఉంటూ వచ్చింది. దేశంలో భారతీయులు మెజారిటీగా ఉన్న పార్లమెంటు నియోజకవర్గం ఒక్కటీ లేదు. కాబట్టి ఆ పార్టీ అభ్యర్థులు గెలిచేది కూటమిలోని పెద్ద పార్టీ ఓట్లతోనే. అలాంటి పార్టీ ఆ పెద్ద పార్టీని ఎంతవరకు నిలదీయగలదో ఊహించవచ్చు. 1979 నుంచి 2010 వరకు అధ్యక్షుడిగా ఉన్న ఎస్. సామివేలు కాలంలో మైకా హోల్డింగ్స్ పేరిట సామాన్య భారతీయుల పొదుపుతో పెట్టిన సంస్థ ఆశించిన లాభాలు ఇవ్వకపోవడం ఈ ప్రాతినిధ్యంపై నమ్మకాన్ని మరింత తగ్గించింది. అంతకుముందు, 1960లో వి.టి. సంబంధన్ చొరవతో కార్మికుల చందాలతో ఏర్పడిన భూ సహకార సంఘం తోటలు కొని నిలబడగలిగింది కాని, ముక్కలై అమ్ముడవుతున్న ఎస్టేట్లన్నిటినీ కొనడం దాని శక్తికి మించిన పని.

హిండ్రాఫ్: 2005 నుంచి 2008 వరకు

2005 డిసెంబరులో మలేషియా ఎవరెస్టు యాత్ర బృందంలో సభ్యుడైన సైనికుడు ఎం. మూర్తి మరణించారు. ఆయన ఇస్లాం స్వీకరించారని మత మండలి చెప్పింది, తమకు తెలిసినంతవరకు ఆయన హిందువుగానే జీవించారని భార్య వాదించారు. 1988లో రాజ్యాంగంలో చేర్చిన 121(1ఎ) నిబంధన ప్రకారం షరియా కోర్టు పరిధిలోని విషయాల్లో తాము జోక్యం చేసుకోలేమని హైకోర్టు అంది. ముస్లిమేతరురాలైన భార్య షరియా కోర్టుకు వెళ్లలేరు, సివిల్ కోర్టు వినదు. ఆయనకు ఇస్లామిక్ పద్ధతిలో అంత్యక్రియలు జరిగాయి. ఈ కేసు తరువాత సుమారు 30 హిందూ సంఘాలు కలిసి హిందూ హక్కుల కార్యాచరణ దళం, అంటే హిండ్రాఫ్‌ను ఏర్పాటు చేశాయి. న్యాయవాదులైన సోదరులు పి. ఉదయకుమార్, పి. వేదమూర్తి దానికి ప్రధాన నాయకులు.

2006, 2007 సంవత్సరాల్లో వరుస ఆలయ కూల్చివేతలు ఉద్యమానికి జనబలాన్ని తెచ్చాయి. 2007 అక్టోబరు 30న, దీపావళికి కొద్ది రోజుల ముందు, షా ఆలంలోని పాడాంగ్ జావాలో మారియమ్మన్ ఆలయాన్ని కూల్చడం వాటిలో అత్యంత తీవ్రమైన ప్రతిస్పందనకు కారణమైంది. అంతకు ముందే ఆగస్టులో హిండ్రాఫ్ 18 డిమాండ్లను ప్రకటించింది. ఆ నెల 31న, స్వాతంత్ర్యానికి యాభై ఏళ్లు నిండిన రోజున, కూలీలుగా తెచ్చి రక్షణ లేకుండా వదిలి వెళ్లినందుకు బ్రిటిష్ ప్రభుత్వం నాలుగు లక్షల కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలంటూ లండన్‌లో దావా వేసింది. పరిహారం వస్తుందని నాయకులు కూడా నమ్మి ఉండకపోవచ్చు. అయితే ప్రపంచ పత్రికల దృష్టిని మళ్లించడంలో ఆ దావా విజయం సాధించింది.

దావాకు న్యాయవాదిని నియమించమని ఎలిజబెత్ రాణికి లక్ష సంతకాల వినతిపత్రం ఇస్తామని 2007 నవంబరు 25న బ్రిటిష్ హైకమిషన్ వైపు ప్రదర్శన తలపెట్టారు. బత్తు కేవ్స్ దగ్గర, నగర వీధుల్లో పోలీసులు బాష్పవాయువు, నీటి ఫిరంగులు ప్రయోగించారు. హాజరైనవారి సంఖ్య పదివేల నుంచి ముప్పైవేల వరకు ఉందని వేర్వేరు అంచనాలు. భారత సంతతివారు అంత సంఖ్యలో, తమ పార్టీతో సంబంధం లేకుండా రోడ్డెక్కడం అంతవరకు లేని విషయం. డిసెంబరు 13న అయిదుగురు నాయకులను అంతర్గత భద్రతా చట్టం కింద విచారణ లేకుండా కముంటింగ్ నిర్బంధ శిబిరానికి పంపారు. వేదమూర్తి విదేశాల్లో ఉండిపోయారు. తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి ప్రధాని మన్మోహన్ సింగ్‌కు లేఖ రాయగా, ఇది ఆయనకు సంబంధించని విషయమని మలేషియా మంత్రి ఒకరు ఘాటుగా బదులిచ్చారు.

2008 మార్చి 8న జరిగిన ఎన్నికల్లో పాలక కూటమి 222 స్థానాలకు 140 మాత్రమే గెలిచి, మూడింట రెండు వంతుల ఆధిక్యాన్ని కోల్పోయింది. మలేషియన్ ఇండియన్ కాంగ్రెస్ తొమ్మిదింట మూడు స్థానాలకు పరిమితమైంది, సామివేలు సుంగై సిపుట్‌లో ఓడారు. నిర్బంధంలో ఉన్న ఎం. మనోహరన్ సెలంగోర్ శాసనసభకు ఎన్నికయ్యారు. చెల్లాచెదురుగా ఉండి ఎక్కడా మెజారిటీ లేని ఓటర్లు, అదే కారణంగా డజన్లకొద్దీ నియోజకవర్గాల్లో ఫలితాన్ని తారుమారు చేయగలరని ఆ ఎన్నిక రుజువు చేసింది.

ఉద్యమ భాషకు ఒక మూల్యం కూడా ఉంది. హిందూ అనే పేరు జనాన్ని కూడగట్టింది, అదే పేరు భారతీయ క్రైస్తవులను, ముస్లిములను, సిక్కులను దూరంగా ఉంచింది. ప్రభుత్వం జాతి నిర్మూలనకు పాల్పడుతోందన్న ఉదయకుమార్ ఆరోపణ వాస్తవాల కంటే చాలా దూరం వెళ్లింది. దానిపై దేశద్రోహ చట్టం కింద కేసు పెట్టి ఆయనను 2013లో జైలుకు పంపడం సమర్థనీయం కాకపోయినా, ఆ అతిశయోక్తి మలయ్ పేదలతో కలిసి నడిచే దారిని మూసిందన్న విమర్శలో బలం ఉంది. తోట కార్మికులకు నెలజీతం, 2013లో అమల్లోకి వచ్చిన కనీస వేతనం కోసం పోరాడిన కార్మిక సంఘాలు, సోషలిస్టు బృందాలు అదే కాలంలో మతం ప్రసక్తి లేకుండా, తక్కువ ఆర్భాటంతో పనిచేశాయి.

పదవులు, నిధులు

2008 అక్టోబరులో హిండ్రాఫ్‌ను నిషేధించారు. 2009లో నిర్బంధితులు విడుదలయ్యారు, 2013 జనవరిలో నిషేధం తొలగింది. ఆ ఏప్రిల్‌లో వేదమూర్తి అప్పటి ప్రధానమంత్రి నజీబ్ రజాక్ నాయకత్వంలోని పాలక కూటమితోనే ఒప్పందంపై సంతకం చేసి, ఎన్నికల తరువాత ఉపమంత్రి అయ్యారు, హామీలు అమలు కాలేదంటూ 2014 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. 2018లో కొత్త ప్రభుత్వంలో మంత్రిగా తిరిగి వచ్చారు. ఆ ఏడాదే జాతి వివక్ష నిర్మూలనపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ఆమోదిస్తామన్న ప్రతిపాదన మలయ్ సంఘాల తీవ్ర వ్యతిరేకతతో వెనక్కి పోయింది.

నిధుల కథ కూడా దీనికి భిన్నంగా లేదు. 2017 ఏప్రిల్‌లో విడుదలైన భారతీయుల ప్రణాళిక పత్రం ప్రభుత్వోద్యోగాల్లో 7 శాతం వంటి లక్ష్యాలు పెట్టింది. భారతీయుల అభివృద్ధి కోసం ఏర్పడి 2018లో మిత్రాగా పేరు మారిన ప్రత్యేక విభాగానికి ఏటా దాదాపు 10 కోట్ల రింగిట్లు కేటాయిస్తున్నారు. ఆ గ్రాంట్ల దుర్వినియోగంపై 2021లో అవినీతి నిరోధక సంస్థ అరెస్టులు చేసింది. విభాగం కూడా ప్రధానమంత్రి శాఖకూ జాతీయ ఐక్యతా మంత్రిత్వ శాఖకూ మధ్య మారుతూ వచ్చింది. గ్రాంటు ఇచ్చేందుకు మంత్రి సంతకం చాలు. ఒక గుడికి పట్టా, ఒక యువకుడికి పౌరసత్వం ఇవ్వాలంటే నియమం మారాలి, ఆ మార్పు మిగతా సమాజాలకూ వర్తిస్తుంది. ప్రభుత్వాలు మొదటిదాన్నే ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు.

కోర్టులు ఎంతవరకు

నియమాల స్థాయిలో వచ్చిన పెద్ద మార్పు న్యాయస్థానం నుంచే వచ్చింది. ఇపోకు చెందిన ఉపాధ్యాయిని ఎం. ఇందిరా గాంధీ కేసులో, ఇస్లాం స్వీకరించిన భర్త 2009లో ముగ్గురు పిల్లలను తల్లి అనుమతి లేకుండా మతం మార్పించారు. 2018 జనవరి 29న దేశ అత్యున్నత న్యాయస్థానమైన ఫెడరల్ కోర్టు ఆ మార్పిడి చెల్లదని, తల్లిదండ్రులిద్దరి సమ్మతి అవసరమని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. పెళ్లి చట్టానికి 2017లో చేసిన సవరణ మతం మారిన వ్యక్తి విడాకుల వివాదాన్ని సివిల్ కోర్టు పరిధిలోనే ఉంచింది. తీర్పు స్పష్టంగా ఉన్నా, తండ్రి తీసుకువెళ్లిన చిన్న బిడ్డను తల్లికి అప్పగించడం పోలీసుల వల్ల కాలేదు. కాగితం మీది గెలుపుకు అమలు యంత్రాంగం ఎంత అవసరమో ఈ ఒక్క కేసు చెబుతుంది.

నమోదు కాని పెళ్లి, పత్రం లేని బిడ్డ

పౌరసత్వ సమస్య నేడు ఎలా పుడుతుందో ఒక మామూలు కుటుంబాన్ని తీసుకుని చూడవచ్చు. 1982 మార్చి నుంచి ముస్లిమేతరుల పెళ్లికి సివిల్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. గుడిలో తాళి కట్టి, రిజిస్ట్రేషన్ మాట మరచిన దంపతులకు పుట్టిన బిడ్డ చట్టం దృష్టిలో వివాహేతర సంతానం. అలాంటి బిడ్డ పౌరసత్వం తండ్రిని కాక తల్లి హోదాను అనుసరిస్తుంది. తల్లి విదేశీయురాలైనా, ఆమెకే పత్రాలు లేకపోయినా, తండ్రి పుట్టుకతో మలేషియా పౌరుడైనప్పటికీ బిడ్డ చేతికి పౌరసత్వం రాదు. ఆ బిడ్డ బడిలో చేరడం కష్టం, బ్యాంకు ఖాతా తెరవలేడు, ప్రభుత్వ ఆసుపత్రిలో విదేశీయుల రుసుము కట్టాలి, పెద్దయ్యాక తన పెళ్లిని కూడా నమోదు చేయించుకోలేడు. అంటే లోటు తరువాతి తరానికి కూడా వెళుతుంది.

ఈ రంగంలో డి.హెచ్.ఆర్.ఆర్.ఎ. మలేషియా వంటి సంస్థలు ఇంటింటికీ తిరిగి పత్రాలు సేకరించి, దరఖాస్తులు నింపి, కార్యాలయాల చుట్టూ తిరిగే పని చేస్తున్నాయి. పత్రాలు లేనివారి నమోదు కోసం 2011లో ప్రభుత్వం నడిపిన మైడఫ్తార్ శిబిరాలు సమస్య ఎంత విస్తృతమో అంగీకరించిన తొలి సందర్భాల్లో ఒకటి. ఒక ప్రదర్శనకు వచ్చినంత పేరు ఈ పనికి రాదు గాని, ఒక్కో కుటుంబంపై దీని ప్రభావం ప్రదర్శన కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

తెలుగువారి సంగతి

మలేషియాలోని తెలుగువారు పెరాక్ దిగువ ప్రాంతంలోని బాగాన్ దాతో కొబ్బరి తోటల్లో, కెడా, జొహోర్ ఎస్టేట్లలో స్థిరపడినవారి సంతతి. జాతీయ లెక్కల్లో వారు 'భారతీయులు' అనే గడిలో కలిసిపోతారు, ఆ గడికి ప్రజల్లో ఉన్న అర్థం ఆచరణలో 'తమిళులు' అనే. కొన్ని ఎస్టేట్లలో ఒకప్పుడు నడిచిన తెలుగు బడులు మూతపడి, పిల్లలు తమిళ లేదా మలయ్ బడులకు మళ్లారు. 1950లలో ఆంధ్ర సంఘంగా మొదలైన మలేషియా తెలుగు సంఘం ప్రధానంగా భాష, పండుగల మీద దృష్టి పెట్టింది. పట్టా, పత్రం విషయాల్లో మాత్రం తెలుగు కుటుంబానికి తమిళ కుటుంబం కంటే భిన్నమైన అనుభవం లేదు, ఎందుకంటే ఎస్టేట్ ఇద్దరినీ ఒకే రీతిన చూసింది.

ఇకముందు ఏమి జరగవచ్చు

చదువు విషయంలో కొంత కదలిక కనిపిస్తోంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు దారి తీసే మెట్రిక్యులేషన్ కోర్సుల్లో 90 శాతం సీట్లు భూమిపుత్రులకు కేటాయించిన పద్ధతి కొనసాగుతున్నా, పదో అంతకు మించో 'ఎ' (A) గ్రేడులు తెచ్చుకున్న విద్యార్థులకు జాతితో నిమిత్తం లేకుండా సీటు ఇస్తామని 2024లో ప్రభుత్వం ప్రకటించింది. ఇది ప్రతిభ చూపిన కొద్దిమందికి మేలు చేస్తుంది, నడిమి స్థాయి మార్కులతో మిగిలే ఎస్టేట్ నేపథ్యపు పిల్లలకు కాదు.

గుడి వివాదాలు త్వరలో ఆగే సూచనలు లేవు. మలేషియా రాజ్యాంగం ప్రకారం భూమి రాష్ట్రాల విషయం. కౌలాలంపూర్‌లో ప్రధానమంత్రి ఇచ్చే హామీ పేనాంగ్, కెడా, జొహోర్ భూమి కార్యాలయాలను కట్టడి చేయదు. పాత ఎస్టేట్ గుడులను గుర్తించి, భూమి కోడ్ కింద ఆరాధనా స్థలాలుగా రిజర్వు చేసే అధికారం ప్రతి రాష్ట్రానికీ ఉంది. దాన్ని వాడుకున్నచోట వివాదం తరలింపు నిబంధనలకు పరిమితమవుతుంది. వాడుకోనిచోట తోట అమ్ముడైన ప్రతిసారీ మొదటికి వస్తుంది.

పౌరసత్వంలో మార్పు రెండు వైపులా నడుస్తోంది. 2024 అక్టోబరులో పార్లమెంటు దిగువ సభ ఆమోదించిన రాజ్యాంగ సవరణ విదేశాల్లో పుట్టిన బిడ్డకు మలేషియా తల్లి కూడా తన పౌరసత్వాన్ని ఇవ్వగలిగేలా చేసింది. అదే సవరణలో, దేశంలో పుట్టిన బిడ్డకు శాశ్వత నివాసి అయిన తల్లి లేదా తండ్రి ద్వారా సహజంగా వచ్చే పౌరసత్వాన్ని తొలగించే నిబంధన కూడా ఉంది. ఎర్ర కార్డుతో మిగిలిన కుటుంబాల్లో పాత ఎస్టేట్ భారతీయులు ఉన్నందువల్ల హక్కుల సంస్థలు దీనిపై అభ్యంతరం తెలిపాయి. ఈ నిబంధన అమలు తేదీ తరువాత పుట్టే బిడ్డ విషయంలో తల్లిదండ్రుల్లో ఒకరైనా నీలం కార్డు చూపించవలసి ఉంటుంది.